పళ్ళెంలో ఒక గుట్ట



మీలో హైదరాబాదులో ఉండేవాళ్ళు జూబిలీ హిల్స్ మీదుగా ఫిల్మ్ నగర్ వైపు ఎన్నిసార్లో వెళ్ళి ఉంటారు. సినిమా నటుడెవరైనా కారులో కనిపిస్తాడేమోనని అటూ ఇటూ చూసి ఉంటారు. అందులో తప్పులేదు, నేనూ చూశాను. ఈసారి వెళ్ళినప్పుడు మటుకు మనుషులను వదిలిపెట్టి రాళ్ళను చూడండి. ఒక గుండు మీద మరొక గుండు, దాని మీద ఇంకొకటి, ఏడుపెంకులాటలో పెంకులు పేర్చినట్టు నిలబడి ఉంటాయి. ఇంకా జాగ్రత్తగా చూస్తే ఏదో ఒక బండ నెర్రెలో చిన్న జువ్విమొక్క కనబడుతుంది. గుప్పెడు మట్టి అయినా లేనిచోట అది పచ్చగా ఉంటుంది. దాని వేళ్ళు కొవ్వొత్తి మైనం కారినట్టు బండ మీదుగా కిందికి దిగి ఉంటాయి.

ఆ గుట్టనూ, ఆ జువ్వినీ మన ఇంటి వసారాలో ఒక పళ్ళెంలో పెట్టుకోవచ్చునని చెబితే నమ్ముతారా? ఈ నెల మీతో ఆ సంగతే మాట్లాడదలచాను.

ముందు రాయి సంగతి. ఆ గుండ్లను ఎవరు పేర్చారు? ఎవరూ పేర్చలేదు. మన హైదరాబాదు నల్లరాయి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల చాలా లోతున, కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి ఈ రాయి అయింది. తరవాత అది నిలువుగా, అడ్డంగా పగిలి పెద్దపెద్ద దిమ్మలుగా విడిపోయింది. ఆ పగుళ్ళలోకి వాననీరు దిగింది. ఒక పటికబెల్లం ముక్కను నోట్లో పెట్టుకుని చప్పరించండి. కాసేపటికి తీసి చూస్తే మూలలు పోయి గుండ్రంగా ఉంటుంది. ఎందుకని? ముఖం మీద ఒక వైపు నుంచే నీరు తాకుతుంది. అంచు మీద రెండు వైపుల నుంచి తాకుతుంది. మూల మీద మూడు వైపుల నుంచి తాకుతుంది. అందుచేత మూల ముందు కరుగుతుంది. రాతి దిమ్మలకూ ఇదే జరిగింది, కాకపోతే లక్షల ఏళ్ళు పట్టింది. మూలలు పొడి అయి మట్టిగా మారాయి. ఆ మట్టిని వానలు కడిగివేశాక గుండ్రని నడిముక్కలు ఒకదాని మీద ఒకటి మిగిలిపోయాయి.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిది చోట్ల ఉన్న ఇటువంటి శిలలను నగరపు వారసత్వపు పట్టికలో చేర్చారు. జూబిలీ హిల్స్‌లో పుట్టగొడుగు ఆకారంలో ఉన్న రాయి, ఫిల్మ్ నగర్ దగ్గర రాక్షసుడి పేరు పెట్టిన రాయి, శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కులాంటి రాయి అందులోవే. 1996లో రాళ్ళను కాపాడడానికి ఒక సంఘం కూడా పుట్టింది. అయినా పట్టికలో లేని రాళ్ళు చాలా పోయాయి. మా వీధి చివర ఒక గుట్ట ఉండేది. ఇల్లు కట్టడానికి దాన్ని పేల్చారు. 250 కోట్ల ఏళ్ళ గుట్ట, మూడు వారాలలో లారీలకెక్కింది. మేస్త్రీని అడిగి ఆ కుప్పలోంచి ఒక ముక్క తెచ్చుకున్నాను. ఎత్తు తొమ్మిది అంగుళాలు, నిలువునా రెండు లోతైన నెర్రెలు ఉన్నాయి. నా తోట ఆ రాయితోనే మొదలైంది.

చెట్లను పళ్ళెంలో చిన్నవిగా పెంచడం చీనాలో పుట్టిన విద్య. క్రీ.శ. 706 నాటి ఒక రాజకుమారుడి సమాధిలో గోడ మీద బొమ్మ ఉన్నది. అందులో సేవకుడు రాళ్ళూ, చిన్న మొక్కలూ ఉన్న పళ్ళెం పట్టుకుని వస్తుంటాడు. జపానువాళ్ళు ఈ విద్య నేర్చి దానికి 'బోన్సాయ్' అని పేరు పెట్టారు. 'బోన్' అంటే పళ్ళెం, 'సాయ్' అంటే నాటడం. మనం వామన వృక్షాలంటాం. వామనుడు పొట్టివాడే గాని బలహీనుడు కాడు గనక పేరు బాగా కుదిరింది. ఈ చెట్లు పొట్టిజాతివి కావు. తిండి లేక చిక్కినవీ కావు. పళ్ళెం జువ్వి కొమ్మను తీసి నేలలో పాతితే అది పెద్ద మానే అవుతుంది. వేరుకు చోటు తక్కువ, కొమ్మ చివర ఎప్పటికప్పుడు గిల్లడం, రెండు మూడేళ్ళకొకసారి వేళ్ళు కత్తిరించి కొత్త మట్టి వెయ్యడం, ఇంతే రహస్యం.

రాతి మీద చెట్టును నిలపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, రాతి గుంటలోనే మట్టి పెట్టి అక్కడే చెట్టును పెంచడం. మన ఎండలకు ఇది కష్టం, వైశాఖంలో ఒక్క పూట నీళ్ళు తప్పితే చెట్టు పోతుంది. రెండోది, చెట్టు రాతి మీద కూర్చుని, వేళ్ళు రాతిని పట్టుకుని కిందనున్న పళ్ళెంలోని మట్టిలోకి దిగడం. మన గుట్టల మీద జువ్వి చేసే పని సరిగ్గా ఇదే. మీరు రెండోదే పట్టుకోండి.

ఇప్పుడు కాస్త లెక్క. భయపడకండి, చిన్న లెక్కే! మీ చెట్టు ఆరు అంగుళాలనుకోండి. అది నలభై అడుగుల మానులాగా కనిపించాలి. నలభై అడుగులంటే 480 అంగుళాలు. ఆరుతో భాగిస్తే 80. అంటే మన పళ్ళెంలో ఒక అంగుళం బయట ఎనభై అంగుళాలకు సమానం. నా తొమ్మిది అంగుళాల రాయి అరవై అడుగుల గుట్ట అయింది, సంతోషం. మరి ఆకు? ఒకటిన్నర అంగుళాల ఆకు పది అడుగుల ఆకు అవుతుంది! పది అడుగుల ఆకు ఏ చెట్టుకుంది? అరటికి ఉన్నది గాని మానుకు లేదు. అందువల్లనే ఆకు చిన్నదైన జాతిని ఎంచుకోవాలి. చిన్న ఆకుల జువ్వి మంచిది. రావి ఆకు ఎంత ప్రయత్నించినా పెద్దదిగానే ఉంటుంది.

సినిమావాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూశారు గదా! అందులో వెన్నెల్లో మెరిసే ద్వారకానగరం నిజమైన నగరం కాదు. మద్రాసులో స్టూడియోలో దాదాపు మూడువందల బుల్లి ఇళ్ళు పేర్చి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే తీసిన చిత్రం. మన కన్ను ఒక వస్తువు పరిమాణాన్ని పక్కనున్న వస్తువును బట్టి అంచనా వేస్తుంది. ఆ ఇళ్ళ మధ్య ఎవరైనా మరచిపోయి ఒక కాఫీ గ్లాసు పెట్టి ఉంటే ద్వారక అంతా ఒక్క క్షణంలో బొమ్మరిల్లు అయిపోయేది. మీ పళ్ళెంలో ప్లాస్టిక్ కొంగనో, సిమెంటు బుద్ధుణ్ణో పెట్టకండి. ఆ లెక్కలో మనిషి ఒక అంగుళం కూడా ఉండడు.

రాళ్ళు అమర్చేటప్పుడు ముందు మట్టి వెయ్యకండి. ఇసుకలో పెట్టి తిప్పి తిప్పి చూడండి. ఒకే రాయి అయితే పళ్ళెం నడుమ పెట్టకుండా ఒక పక్కగా పెట్టాలి. మూడైతే ఒకటి పెద్దది, ఒకటి అందులో సగం, ఒకటి ఇంకా చిన్నది కావాలి. మూడూ ఒకే వరుసలో నిలబడితే ఉదయం ప్రార్థనకు నిలబడిన పిల్లల్లాగా ఉంటాయి. అది బడిలో అందం, గుట్టకు కాదు. రాళ్ళ చారలన్నీ ఒకే వైపు వాలి ఉండాలి. ఒక గుట్టలోని రాళ్ళు కలిసి పగిలాయి గనక వాటి చారలు కూడా కలిసే ఉంటాయి. రాతిలో మూడోవంతు మట్టిలో ఉండాలి. అప్పుడది పెట్టినట్టు కాక భూమిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఇక నాటడం. దీనికి అదను తొలకరి. పాత పిట్టగోడ మీద మొలిచిన జువ్విమొక్కను ఇంటివాళ్ళను అడిగి తీసుకోండి. గోడకూ మేలే. పిట్టలు జువ్విపండ్లు తిని గింజలను గోడల మీదా, బండల మీదా వదులుతాయి. అవే మొలుస్తాయి. కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనంలోంచి మటుకు రాయిగాని, మొక్కగాని తేకండి. 1998లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అక్కడ పుల్ల కూడా తియ్యరాదు.

తెచ్చిన మొక్కను ఒక ఏడాది పొడుగాటి గొట్టంలాంటి కుండీలో పెంచండి. అడుగు కోసిన నీళ్ళ సీసాలు రెండు ఒకదానిలో ఒకటి దూర్చినా చాలు. వేళ్ళు పొడుగ్గా దిగుతాయి. మరుసటి తొలకరికి మట్టి కడిగి, మొక్కను రాతి మీద గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టి, ఒక్కొక్క వేరునూ నెర్రెలోకి సర్దండి. నల్లరేగడి మట్టి, మాగిన పేడ, కొబ్బరిపొట్టు కలిపి ముద్దచేసి వేళ్ళ మీద మెత్తండి. అరటినారతో గట్టిగా చుట్టండి. తరవాత మొత్తం రాయిని లోతైన కుండీలో పాతిపెట్టండి, చెట్టు మాత్రమే పైకి కనిపించాలి. కుండీకి అడుగున చిల్లులు తప్పనిసరి. మట్టిలో ఎర్రమట్టి, ముతక ఇసుక, ఇటుకముక్కలు, మాగిన ఎరువు సమంగా ఉంటే నీరు నిలవదు.

ఏడాది పాటు తవ్వి చూడకండి! ఈ పనిలో అన్నిటికన్నా కష్టం ఇదే. ఆ తరవాత మూడు నెలలకొకసారి పై మట్టిని ఒక్క అంగుళం తీస్తూ రండి. వెలుతురు తగిలిన వేరు బెరడు కట్టి, కొమ్మలాగా గట్టిపడుతుంది. ఒకేసారి తెరిస్తే సన్నని వేళ్ళు ఎండిపోతాయి. రాయి అంతా బయటపడేసరికి మూడేళ్ళు పట్టవచ్చు. అప్పుడు దాన్ని పళ్ళెంలోకి మార్చండి.

నా మొదటి చెట్టు ఆ దశకు రాలేదు. రాయి తెచ్చిన ఉత్సాహంలో తొలకరి దాకా ఆగలేక ఏప్రిల్‌లోనే కట్టాను. పైగా పెళ్ళికని పదిరోజులు ఊరికి వెళ్ళాను. నీళ్ళు పొయ్యమని ఎవరికీ చెప్పలేదు. తిరిగి వచ్చి చూస్తే అరటినార ఉన్నది, రాయి ఉన్నది. చెట్టు పుల్ల అయిపోయింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు తొందరపడవద్దని చెప్పినవాణ్ణి గదా, ఇంట్లో ఎవరికీ ముఖం చూపలేకపోయాను.

రెండో చెట్టు కడుతూంటే మా మనుమరాలు పక్కన కూర్చుని, "తాతయ్యా, ఇట్లా కడితే చెట్టుకు నొప్పి కాదా?" అని అడిగింది. చెట్టుకు మనవంటి నరాలు లేవని చెప్పాను. అది నిజమే గాని ఆ పిల్లకు చాలినట్టు లేదు. "మరి దానికి దాహం వేస్తే?" అన్నది. దీనికి నా దగ్గర జవాబు లేదు. గుట్ట మీది జువ్వి నీటికోసం తన వేరును తానే పంపుకుంటుంది. పళ్ళెంలోని చెట్టు పంపలేదు. దాని వేరు మనమే. ఆ రోజునుంచి పొద్దున్నే నీళ్ళు పొయ్యడం తన పని అయింది.

అప్పుడు దానికి ఒక నిజమైన కథ చెప్పాను. జపానులో హిరోషిమా నగరంలో యమాకి అనే కుటుంబం 1625 నుంచి పెరుగుతున్న ఒక పైన్ జాతి వామన వృక్షాన్ని తరతరాలుగా పెంచింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు వారి ఇల్లు అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. పెరటి గోడ అడ్డం ఉండడంచేత చెట్టు బ్రతికింది. 1976లో ఆ కుటుంబం దాన్ని అమెరికాకు, బాంబు వేసిన దేశానికే, కానుకగా ఇచ్చింది. బాంబు సంగతి మటుకు అక్కడివారికి తెలియదు. 2001లో ఆ ఇంటి మనుమలిద్దరు వాషింగ్టన్‌లో చెట్టును చూడవచ్చి చెప్పినప్పుడే తెలిసింది.

"ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు రోజూ నీళ్ళు పోశారన్నమాట," అన్నది మా మనుమరాలు.

మా రెండో జువ్వి ఇప్పుడు రాతి మీద నాలుగు అంగుళాల దాకా బయటపడింది. ఒక వేరు నేను చూపిన నెర్రెను వదిలి పక్క నెర్రెలోకి దిగింది. అదే బాగున్నది, అలాగే ఉంచాను. ఎండాకాలం మధ్యాహ్నం రాయి పెనంలాగా కాలుతుంది గనక పన్నెండు నుంచి నాలుగు దాకా దాని మీద పాత ధోవతి పరుస్తున్నాం. ఇంకా రెండు అంగుళాల మట్టి తియ్యాలి. వానలు పడగానే ఒకటి తీస్తాం.