ధనుష్కోటి ఒడ్డున అస్ర్ నమాజు

వేసవి సెలవులలో మేము గుంటూరు నుంచి పిల్లలతోను, వారి దాదీతోను కలసి రామేశ్వరం ద్వీపానికి వెళ్లాము. పాంబన్ వంతెన మీదుగా సముద్రాన్ని దాటుతున్నప్పుడు పిల్లల సంతోషానికి అవధులు లేవు.

మరునాడు ద్వీపం చివరనున్న ధనుష్కోటి చేరాము. ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు మన్నార్ సింధుశాఖ. నీటిలోకి దిగుతామని పిల్లలు మారాం చేశారు. అక్కడి అలలు ప్రమాదకరమని మేము వారించగా అలిగి కూర్చున్నారు.

దాదీ వారిని కోప్పడలేదు. చేయి పట్టుకుని శిథిలమైన చర్చి గోడల వద్దకు తీసుకువెళ్లారు. 1964 డిసెంబరులో తుపాను ఈ ఊరిని తుడిచిపెట్టిందని, ప్రయాణికులతో వస్తున్న రైలు సైతం అలలలో కొట్టుకుపోయిందని చెప్పారు. రామేశ్వరం యాత్రికులను ధనుష్కోటికి చేర్చేందుకు అబ్దుల్ కలాం తండ్రి ఒకప్పుడు పడవ నిర్మించిన సంగతి కూడా వివరించారు. పిల్లల అలక తీరింది.

అస్ర్ వేళయింది. ఇసుకపై చాప పరచి, ప్రయాణికులకు అల్లాహ్ అనుగ్రహించిన వెసులుబాటు ప్రకారం నాలుగు రకాతులకు బదులు రెండు రకాతులే నెరవేర్చాము. దూరాన చేపల పడవలు కనిపిస్తున్నాయి.

“యా అల్లాహ్, ఆ పడవలలోని వారందరినీ క్షేమంగా ఇళ్లకు చేర్చు” అని మా చిన్నవాడు దుఆ చేశాడు. మేమంతా ఆమీన్ పలికాము. ఆ ప్రయాణంలో మేము వెంట తెచ్చుకున్నది ఆ దుఆయే.