ఫోన్ కాలంలో మన రాత



ప్రియమైన దాతలారా, ప్రతి ఏటా ఈ సంచికలో జమాఖర్చులు, చదువుల సాయం, వైద్య సాయం గురించి మీకు చెప్పుకుంటూ వస్తున్నాం. ఈసారి వాటితో పాటు మరో విషయం కూడా మీ ముందు ఉంచాలనుకుంటున్నాం. చూడ్డానికి చిన్నదే గాని, మీరిచ్చే జకాత్, సదఖా సరైన ఇంటికి చేరడానికీ దానికీ సంబంధం ఉంది. అది రాత.

ఆ మధ్య ఒక విద్యార్థిని నుంచి సొసైటీ ఫోన్‌కు వాట్సాప్‌లో విన్నపం వచ్చింది. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. కాలేజీ ఫీజు కట్టలేకపోతున్నామని చెప్పి, కారణం ఒక్క ముక్కలో రాసింది. నాన్న 'కె, ఎ, ఎల్, ఎల్, యు' వల్ల పని మానేశారట. ఆ ఐదు అక్షరాలను మా కమిటీలో ముగ్గురు మూడు రకాలుగా చదివారు. ఒకరు 'కళ్ళు' అన్నారు. ఇంకొకరు 'కాళ్ళు' అన్నారు. మూడో ఆయన 'కల్లు' అని చదివి, తాగి పని మానేసిన మనిషి ఇంటికి సాయమేమిటని విన్నపాన్ని పక్కన పెట్టబోయారు. ఎందుకైనా మంచిదని ఫోన్ చేసి కనుక్కున్నాం. షుగర్ ముదిరి కాలికి పుండు పడిందట. ఆ తండ్రి నెలల తరబడి మంచం మీదే ఉన్నారు. ఆ రోజు మేం ఫోన్ చేయకపోతే, ఒక దీర్ఘం లేకపోవడం వల్ల ఒక నిజాయితీపరుడి మీద తాగుబోతు అనే నింద పడేది, ఒక బిడ్డ చదువు ఆగిపోయేది.

ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు. తప్పు కూడా రాయలేదు. తెలుగులో ఉండే తేడాలు చూపించే ఏర్పాటు ఆమె వాడిన అక్షరాల్లో లేదు, అంతే. మన లిపిలో హ్రస్వం వేరు, దీర్ఘం వేరు. 'ల' వేరు, 'ళ' వేరు. త-ట, ద-డ, న-ణ అన్నీ వేరు వేరు. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో గబగబా కొట్టేటప్పుడు ఇవన్నీ కలిసిపోతాయి. స్నేహితుల మధ్య అయితే ఇబ్బంది లేదు. ముందూ వెనకా తెలిసినవాళ్ళు కాబట్టి అర్థం చేసుకుంటారు. మన ముఖం ఎరుగని మనిషి చదివి నిర్ణయం తీసుకోవలసిన చోటే చిక్కు వస్తుంది.

ఉర్దూ సంగతీ ఇంతే. ఉర్దూలో 'జ' అని పలికే అక్షరాలు జాల్, జే, జాద్, జోయ్ అని నాలుగున్నాయి. నోటితో పలికితే అన్నీ దాదాపు ఒకటే, కాగితం మీద మాత్రం దేని అర్థం దానిదే. జోయ్‌తో రాస్తే 'నజర్' అంటే చూపు. జాల్‌తో రాస్తే మొక్కుబడి, కానుక. ఇంగ్లీషు అక్షరాల్లోకి మారిస్తే ఆ తేడా మాయమవుతుంది. ఆ మాటకొస్తే తెలుగు లిపిలో రాసినా ఈ తేడా కనిపించదు. ఏ భాషకు ఏ లిపి అమరిందో ఆ లిపిలోనే ఆ భాష నిండుగా ఉంటుంది.

మనవాళ్ళకు ఈ అలవాటు ఊరికే రాలేదు. పాత బటన్ ఫోన్లలో ఎస్సెమ్మెస్ ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒకదానికి 160 అక్షరాలు పట్టేవి. తెలుగులోనో ఉర్దూలోనో రాస్తే 70 గుర్తులే. పైగా గుణింతం, ఒత్తు దేనికదే లెక్క. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే ఆరు గుర్తులు ఖర్చయ్యేవి. మెసేజ్‌కు డబ్బులు కట్టే రోజుల్లో సొంత లిపిలో రాయడమంటే రెట్టింపు ఖర్చు. అంత చేసి పంపినా అవతలి ఫోన్‌లో ఆ లిపి లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపించేవి. అందుకని జనం ఇంగ్లీషు అక్షరాలకు అలవాటు పడ్డారు.

ఉర్దూకు ఇంకో కష్టం కూడా ఉండేది. ఏటవాలుగా జారుతూ సాగే నస్తలీఖ్ రాతను అచ్చు యంత్రాలకు అమర్చడం చాలా కాలం కుదరలేదు. కాతిబులు చేత్తో రాసిన పుటలే పత్రికలై వచ్చేవి. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తలీఖ్‌తో ఆ రాత కంప్యూటర్‌లోకి వచ్చింది. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' దినపత్రిక మాత్రం కంప్యూటర్లు వచ్చాక కూడా చేతిరాతతోనే వెలువడుతూ పేరు పొందింది.

ఇప్పుడు ఆ అడ్డంకులు లేవు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు, అరబీ లిపులకు చోటు దొరికింది. ఈనాటి స్మార్ట్ ఫోన్లలో తెలుగు, ఉర్దూ కీబోర్డులు ఉచితంగానే దొరుకుతున్నాయి. నోటితో చెబితే రాసిపెట్టే సదుపాయం కూడా ఉంది. అడ్డంకి పోయినా అలవాటు మిగిలిపోయింది.

మేం ఫోన్‌ను తప్పుపట్టడం లేదు. దాని మేలు మేం కళ్ళారా చూస్తున్నాం. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళిన వారి ఇళ్ళలో ఒకప్పుడు ఉత్తరం వస్తే చదివిపెట్టడానికి పక్కింటి పిల్లవాణ్ణి పిలవాల్సి వచ్చేది. ఇంటి గుట్టంతా వీధిలో పడేది. ఇప్పుడు బడి ముఖం చూడని తల్లి కూడా కొడుకుతో నేరుగా మాట్లాడుతోంది. వాయిస్ మెసేజ్ పెట్టి తన బాధ తానే చెప్పుకుంటోంది. ఇది చిన్న మేలు కాదు, అల్హమ్దులిల్లాహ్. అయితే ఆ పాత ఉత్తరాలు ఇనప్పెట్టెలో ఇంకా ఉన్నాయి. ఫోన్ పగిలితే అందులోని మాటలు చాలా ఇళ్ళలో దానితోనే పోతున్నాయి.

మన ఇళ్ళలో చాలామంది పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగో ఇంగ్లీషో చదువుతారు, ఫోన్‌లో అన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు. మూడు భాషలు వచ్చినా, ఏ భాషలోనూ అర పేజీ దరఖాస్తు సొంతంగా రాయలేకపోతున్నారు. డబ్బున్నవారికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. పింఛను కోసమో, ఫీజు రాయితీ కోసమో, ఆసుపత్రి సాయం కోసమో అర్జీ పెట్టుకోవలసింది పేదవాడే. వాడి హక్కు వాడి వాక్యం మీద ఆధారపడి ఉంది.

చివరికి సలాం కూడా నలిగిపోతోంది. ఎదుటివారికి శాంతి కలగాలని చేసే దుఆను 'ఎ, ఎస్, ఎ, కె' అని నాలుగక్షరాలకు కుదించి పంపుతున్నాం. చిత్రమేమంటే, బిస్మిల్లాహ్ వాక్యం మొత్తానికీ యూనికోడ్‌లో ఒకే ఒక్క సంకేతం ఉంది. నిండుగా రాయడానికి యంత్రం సిద్ధంగానే ఉంది, తొందర మనదే.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించో మీకు తెలుసు. అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించి చెబుతుంది. రాసేవాడు న్యాయంగా రాయాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దని, చెప్పి రాయించుకోలేని బలహీనుడి తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలని అందులో ఉంది. రాత బలహీనుడికి రక్షణ అన్న సంగతి ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ దొరుకుతుంది!

అందుకే మేం రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఇకమీదట స్కాలర్‌షిప్ అడిగే ప్రతి విద్యార్థీ తన ఇంటి పరిస్థితిని తెలుగులో గాని, ఉర్దూలో గాని, ఇంగ్లీషులో గాని, ఆ భాష సొంత లిపిలో అర పేజీ రాయాలి. రాయలేదని ఎవరినీ తిప్పి పంపం. పక్కన కూర్చోబెట్టుకుని రాయిస్తాం. ఇక వేసవి సెలవుల్లో అర్జీ, ఉత్తరం, రసీదు రాయడం, ఫోన్‌లో సొంత లిపి టైపు చేయడం నేర్పే తరగతులు పెడతాం, ఇన్‌షా అల్లాహ్.

దీనికి మీ డబ్బు కన్నా మీ సమయం ఎక్కువ కావాలి. రిటైరైన ఉపాధ్యాయులు, గుమాస్తాలు, బ్యాంకు ఉద్యోగులు మీలో ఎందరో ఉన్నారు. వారానికి ఒక గంట ఇవ్వండి. మీ ఇంట్లో కూడా పిల్లల ఫోన్‌లో తెలుగు, ఉర్దూ కీబోర్డులు పెట్టించండి. వారికి పంపే మెసేజ్‌లో సలాం నిండుగా రాయండి. వాళ్ళు మనల్ని చూసే నేర్చుకుంటారు.

ఆ అమ్మాయి ఫీజు కట్టాం. తర్వాత ఆమె మా ఆఫీసుకు వచ్చి, తెలుగులో తన చేత్తో రసీదు రాసి ఇచ్చింది. రెండు చోట్ల కొట్టివేతలు ఉన్నాయి. 'కాళ్ళు' అన్నచోట మాత్రం దీర్ఘం దిట్టంగా పెట్టింది.

కలంతో జ్ఞానం నేర్పిన ఆ ప్రభువు మన రాతలో సత్యాన్ని, మన సాయంలో బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.