ముక్కులో కండ: వేరు దొరికితేనే వైద్యం

ఒకవైపు ముక్కు నెలల తరబడి మూసుకుపోయినా, మధ్యమధ్య రక్తం పడుతున్నా 'ముక్కులో కండ పెరిగింది' అనుకుని చుక్కల మందుతో నెట్టుకొచ్చేవాళ్లు మనలో చాలామంది. అలర్జీతో వచ్చే పాలిప్‌లు సాధారణంగా రెండు వైపులా వస్తాయి. ఒక్కవైపే వచ్చిందంటే అనుమానించాల్సిందే. నడివయసులో అది ఇన్వర్టెడ్ పాపిల్లోమా కావచ్చు. క్యాన్సర్ కాదు గానీ ఎముకను అరగదీస్తుంది, కొందరిలో క్యాన్సర్‌గానూ మారుతుంది. టీనేజీ మగపిల్లల్లో పదేపదే ముక్కు నుంచి రక్తం కారుతుంటే యాంజియోఫైబ్రోమా అయ్యే వీలుంది. అది రక్తనాళాల ముద్ద. ఓపీలో కూర్చోబెట్టి ముక్క తీస్తే రక్తం ఆపడం కష్టం. అందుకే ముందు స్కానింగ్. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు, గడ్డకు రక్తం పోసే నాళాన్ని మూసేయడమూ ఉంటుంది.

ఈ గడ్డలను ఒకప్పుడు ముక్కు పక్కన కోసో, పైపెదవి కింద కోసో తీసేవారు. భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ రూపొందించిన కటకాల అమరికతో వచ్చిన 4 మిల్లీమీటర్ల ఎండోస్కోపు ఆ కోతను చాలావరకు తప్పించింది. ముఖం మీద మచ్చ పడదని దీన్ని మెచ్చుకుంటారు. నా దృష్టిలో అది కొసరు లాభమే. అసలు లాభం, వేరు కనపడటం. ముక్కంతా నిండిన పాపిల్లోమా కూడా చాలాసార్లు చిన్న చోటే అంటుకుని ఉంటుంది. 30, 70 డిగ్రీల స్కోపుతో ఆ చోటు వెతికి, పొర ఒలిచి, కింది ఎముకను డ్రిల్‌తో అరగదీయాలి. పత్తి చేలో తుంగను పైపైన పీకితే మళ్లీ మొలిచినట్టే, ఆ పని వదిలేస్తే గడ్డ తిరిగొస్తుంది.

గడ్డను ముక్కలుగా తీయడం ప్రమాదం కాదా అని అడగవచ్చు. క్యాన్సర్ విషయంలో ఆ శంకకు బలముంది. ఇక్కడ మాత్రం తిరిగి రావడాన్ని నిర్ణయించేది మొదలు మిగిలిందా లేదా అన్నదే. అలాగని స్కోపు సర్వరోగ నివారిణి కాదు. నుదుటి సైనస్ బయటి అంచుకు పాకిన గడ్డకు ఇప్పటికీ పైనుంచి కోత అవసరపడవచ్చు. కన్నూ మెదడూ పక్కనే ఉంటాయి కాబట్టి సీటీ స్కాన్, చేయి తిరిగిన సర్జన్ తప్పనిసరి. ఖర్చు మాటకొస్తే, వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. మీ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. బయాప్సీ కాగితం దాచుకోండి. ముక్కు హాయిగా ఆడుతున్నా కొన్నేళ్లపాటు డాక్టరు చెప్పిన తేదీకి స్కోపు పరీక్షకు వెళ్లండి.