కారు వేడెక్కుతోందా? ఎక్కడ ఆపాలి, ఎక్కడిదాకా పోవచ్చు.. హైవే ఎక్కే ముందు ఇవి తెలుసుకోండి

ఎండాకాలం మధ్యాహ్నం. హైదరాబాద్-విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటి కాస్త ముందుకు పోతే చాలు.. బానెట్ లేపి రోడ్డు పక్కన నిలబెట్టిన కారు ఒకటైనా కనిపిస్తుంది. చెట్టు నీడలో చున్నీతో విసురుకుంటున్న ఆడవాళ్లు, వాటర్ బాటిల్ పట్టుకుని ఇంజిన్‌లోకి తొంగి చూస్తున్న డ్రైవర్. జడ్చర్ల నుంచి పెబ్బేరు వైపు బెంగళూరు హైవే మీదా ఇదే సీన్.

ఆ కారు ఉన్నట్టుండి ఆగిపోయిందా? చాలాసార్లు కాదు. పది కిలోమీటర్ల ముందు నుంచో, పది రోజుల ముందు నుంచో అది చెబుతూనే ఉంటుంది. లైటు వెలుగుతుంది, శబ్దం మారుతుంది, వాసన వస్తుంది. మనమే "ఇంటికి పోయినంక చూద్దాంలే" అనుకుంటాం. రిపేర్ ఏంటో మెకానిక్ చూసుకుంటాడు. స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్లకు తెలియాల్సింది మాత్రం ఒక్కటే.. ఇప్పుడే ఆపాలా? పక్క ఊరి దాకా పోవచ్చా? వారంలోపు షెడ్డుకు చూపిస్తే సరిపోతుందా?

ముల్లు లేచిందంటే బేరాల్లేవ్

మే నెలలో నల్లగొండ ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 45 డిగ్రీల ఎండ, నిండా జనం, ఫుల్ ఏసీ. ఇంజిన్ మామూలుగా 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. ఆ వేడిని బయటికి పంపేది కూలెంట్, రేడియేటర్, దాని ముందో వెనకో ఉండే ఫ్యాన్. వీటిలో ఏ ఒక్కటి దెబ్బతిన్నా డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. కొన్ని చిన్న కార్లలో ముల్లు ఉండదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నీలం లైటు, వేడెక్కితే ఎర్ర లైటు.. అంతే. ఆ ఎర్ర లైటు వెలిగిందంటే ఇంకో కిలోమీటర్ కూడా ఎక్కువే.

ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం రోగం అక్కడే దొరుకుతుంది. సంక్రాంతికి పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరినప్పుడు వేడెక్కి, లైన్ కదిలి స్పీడ్ అందుకోగానే చల్లబడుతోందా? అయితే మొదట చూడాల్సింది ఫ్యాన్‌ను. కారు పరిగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నిలబడ్డప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. అలా కాకుండా 90 స్పీడ్‌లో పోతున్నా వేడెక్కుతోందంటే కూలెంట్ కారిపోయి ఉండొచ్చు, రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు.

పూడుకుపోవడం అంటే మన జిల్లాలో ఒక సంగతి చెప్పుకోవాలి. బోరు నీళ్లు. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లగా పెచ్చు కట్టడం చూసే ఉంటారు కదా.. నీళ్లలోని లవణాలు అవి. కూలెంట్ తగ్గిందని ఆ నీళ్లే పోస్తూ పోతే అదే పెచ్చు రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. పైగా తుప్పు. మా బాబాయి పాత కారు రేడియేటర్ విప్పితే లోపల సున్నం కొట్టినట్టు ఉంది. "నీళ్లే కదరా, ఏమైతది" అనేవాడు. దారిలో వేరే గతి లేక నీళ్లు పోయాల్సి వస్తే పోయండి. కానీ ఊరికి చేరాక అదంతా తీయించి, కంపెనీ చెప్పిన కూలెంట్ నింపించండి.

వరి కోతలప్పుడు ఇంకో తంటా. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గడ్డి మీదుగా పోతే ఆ చెత్త ముందు జాలీకి అతుక్కుని గాలి ఆడనివ్వదు. కారు కింద వేడి సైలెన్సర్ గొట్టానికి ఎండుగడ్డి చుట్టుకుంటే మంట కూడా అంటుకోవచ్చు. ఎండుగడ్డి మీద కారు పార్క్ చేయొద్దని చెప్పేది అందుకే.

ఇంతకీ ముల్లు లేచింది, ఏం చేయాలి? ముందు ఏసీ ఆపండి. పక్కకు తీసి ఆపే చోటు దొరికేదాకా హీటర్ ఫుల్‌గా పెట్టండి. మండుటెండలో హీటరా అని నవ్వొద్దు.. అది ఇంజిన్ వేడిని కొంత కారు లోపలికి లాగేస్తుంది, మీకు చెమటలు పట్టినా ఇంజిన్‌కు ఊపిరి దొరుకుతుంది. తర్వాత ఇంజిన్ ఆపి, కనీసం అరగంట ఏమీ ముట్టుకోవద్దు. ముఖ్యంగా రేడియేటర్ మూత. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టుకున్నా చేతులు, మొహం కాలిపోతాయి. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోయడం కూడా తప్పే, హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

ఒక మోసం కూడా ఉంది. లేచిన ముల్లు దానంతటదే టక్కున కిందికి పడిపోయిందంటే బాగైందని సంబరపడొద్దు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్‌కు తగలడానికి ఏమీ మిగలదు, అందుకే ముల్లు పడిపోవచ్చు. అలాగే నడిపితే హెడ్ గ్యాస్‌కెట్ పోతుంది, హెడ్ వంగుతుంది. ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో కనిపించిందా.. కూలెంట్ ఆయిల్‌లో కలిసినట్టే. ఇక స్టార్ట్ చేయకుండా బండిని ఎత్తించుకుని పోవడమే.

ఎరుపా, పసుపా?

లైట్లన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం. రంగు చూడండి చాలు. ఎరుపు అంటే ఆపమని, పసుపు అంటే చూపించమని. నూనె కుప్పె బొమ్మతో ఎర్ర లైటు వెలిగితే ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం. చిట్యాల దాకా పోదాం, అక్కడ మెకానిక్ ఉన్నాడు అనే లెక్క ఇక్కడ పనికిరాదు, నిమిషాల్లో ఇంజిన్ పట్టేస్తుంది. ఎర్ర బ్యాటరీ లైటు వెలిగితే చార్జింగ్ ఆగిందని. ముల్లు కూడా లేస్తోందంటే బెల్టు తెగి ఉండొచ్చు, వెంటనే ఆపాలి. ముల్లు మామూలుగానే ఉంటే ఏసీ, మ్యూజిక్ ఆపేసి దగ్గర్లోని ఊరు చేరొచ్చు. మధ్యలో మాత్రం ఇంజిన్ ఆపొద్దు, మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. పసుపు ఇంజిన్ లైటు నిలకడగా ఉంటే ఒకట్రెండు రోజుల్లో చూపించండి. అదే టిక్ టిక్‌మని కొట్టుకుంటుంటే మిస్‌ఫైర్ అవుతోందని.. స్పీడ్ తగ్గించి నేరుగా షెడ్డుకే.

కారు కింద తడి చూసి కంగారు పడేవాళ్లూ ఉంటారు. ఏసీ వేసుకుని వచ్చి ఆపితే ముందు వైపు నీళ్లు కారడం మామూలే. వేలితో తాకి చూడండి. జిడ్డు లేకుండా, రంగు లేకుండా ఉంటే ఏసీ నీళ్లు. ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగుల్లో ఉంటే కూలెంట్. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్. పెట్రోల్ వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు, అందర్నీ దించేయండి.

శ్రీశైలం పోతున్నారా? ముందు బ్రేకులు

హైదరాబాద్ నుంచి డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దాటితే అంతా నల్లమలే. మామూలు రోజుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లను వదలరు. లోపల చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. అలాంటి చోట కారు మొండికేస్తే కోతులే దిక్కు.

బ్రేక్ నొక్కితే సన్నగా కీచుమని వస్తోందంటే ప్యాడ్లు అరిగిపోవచ్చాయని హెచ్చరిక. చాలా ప్యాడ్లకు దీని కోసమే ఒక చిన్న రేకు పెడతారు. ఇది కొన్ని రోజుల టైమ్ ఇస్తుంది. గరగరమని ఇనుము రాసుకున్న సప్పుడు వస్తే ఆ టైమ్ అయిపోయినట్టే, డిస్క్ కూడా తినేస్తుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే ఆ కారుతో ఘాట్ ఎక్కొద్దు. బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు గుంజుతున్నా అంతే.

దోమలపెంట దాటాక డ్యామ్ వైపు మలుపులు తిరుగుతూ దిగే ఘాట్‌లో మంచి బ్రేకులు కూడా చేతులెత్తేస్తాయి. కాలు పెడల్ మీదే ఉంచి దిగితే ప్యాడ్లు కాగిపోతాయి, బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పడుతుంది, తొక్కినా పట్టదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే ఇంకా త్వరగా మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. రెండో గేర్‌లో దిగండి, న్యూట్రల్ వేసి పెట్రోల్ మిగుల్చుకోవద్దు. కాలిన వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట ఆపి చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు చల్లొద్దు.

టైర్‌పై నాలుగంకెలు

టైర్ పక్కన చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడులు లోతుగా ఉన్నా పాతబడిన రబ్బరు పగుళ్లు తేలుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే. పక్క గోడకు బుడిపె వచ్చిందంటే ఆ టైర్‌తో హైవే ఎక్కనేకూడదు. గాలి తక్కువున్న టైర్ ఎక్కువ వంగి, ఎక్కువ వేడెక్కి పేలుతుంది. ఎండలకు గాలి తక్కువ కొట్టించాలనే మాట నమ్మి చాలామంది చేసే తప్పు ఇదే. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత కొట్టించండి. స్టెప్నీలో కూడా. 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంటే వీల్ బ్యాలెన్సింగ్ చేయించుకోవాలి, వారంలోపు చాలు. వణుకు రోజురోజుకీ పెరుగుతుంటే అదీ ఆగదు.

ఇన్ని చూసుకున్నా బండి ఆగిందనుకోండి. వీలైనంత ఎడమకు తీసి నాలుగు ఇండికేటర్లు వేయండి. కారుతో పాటు ఇచ్చిన ఎర్ర ట్రయాంగిల్‌ను డిక్కీలోంచి తీసి కొన్ని అడుగుల దగ్గర కాదు, వెనకాల చాలా దూరంలో పెట్టండి. పిల్లల్ని, పెద్దవాళ్లను కారులో కూర్చోబెట్టొద్దు, రెయిలింగ్ అవతలికి పంపండి. ఆగిన బండిని వెనక నుంచి వచ్చే లారీ గుద్దడం ఈ హైవేల మీద కొత్తేం కాదు. నేషనల్ హైవే మీద ఉంటే 1033కి ఫోన్ చేయండి, క్రేన్, పెట్రోలింగ్ సాయం అందుతుంది. ఫోన్ చేసే ముందు పక్కనున్న కిలోమీటర్ రాయి మీద నంబర్ చూసి పెట్టుకోండి. ఎటు వైపు పోతున్నారో కూడా చెప్పండి.. డివైడర్‌కు అవతల వైపు వచ్చిన క్రేన్ యూటర్న్ కోసం మళ్లీ కిలోమీటర్లు తిరిగి రావాల్సి ఉంటుంది.