డెట్రాయిట్ దారి పక్క వింతలు: ఒక శనివారం చాలు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు కుటుంబాలు చూపించేవి దాదాపు ఒకటే: నోవై వేంకటేశ్వరస్వామి గుడి, చికాగో, నయాగరా. పక్కనే ఉన్న డెట్రాయిట్‌ను మాత్రం కారు అద్దంలోంచి చూసి వదిలేస్తాం. ఒక్క శనివారం కేటాయిస్తే అక్కడి వింతలు చూపిస్తూ ఈ ఊరి కథంతా పిల్లలకు చెప్పవచ్చు.

ముందుగా యూనిరాయల్ టైరు. ఐ-275 మీద దక్షిణంగా వెళ్లి ఐ-94 ఈస్ట్ ఎక్కితే, ఎయిర్‌పోర్టు దాటాక ఆలెన్ పార్క్‌లో 80 అడుగుల ఎత్తున కనిపిస్తుంది. ఇది మొదట ప్రకటన బోర్డు కాదు, మన తిరునాళ్లలో ఉండే జెయింట్ వీల్ లాంటిది. 1964-65 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఒకేసారి 96 మందిని ఎక్కించుకుని తిరిగేది. 1966లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. మేకు దిగినా గాలి పోని టైర్ల ప్రచారం కోసం 1998లో దీనికి 11 అడుగుల మేకు గుచ్చారు, 2003లో తీసేశారు. హైవే పక్కన కారు ఆపకండి. ఫోటో తీసే పని పక్క సీటు వాళ్లకు అప్పగించండి.

అక్కడి నుంచి డౌన్‌టౌన్. జెఫర్సన్, వుడ్‌వర్డ్ కలిసే చోట 24 అడుగుల కంచు చెయ్యి, పిడికిలి బిగించి గాలిలో వేలాడుతుంటుంది. బాక్సర్ జో లూయిస్ స్మారకంగా 1986లో రాబర్ట్ గ్రాహం చేసిన శిల్పమిది. విగ్రహమంటే తల నుంచి కాళ్ల దాకా ఉండాలనుకునే మన పెద్దలకు ఇది వింతే. లూయిస్ అలబామాలో పుట్టాడు, చిన్నప్పుడే కుటుంబంతో ఈ ఊరు వచ్చాడు. కొన్నాళ్లు ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1937 నుంచి 1949 దాకా ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్.

దగ్గర్లోనే 'స్పిరిట్ ఆఫ్ డెట్రాయిట్'. మార్షల్ ఫ్రెడరిక్స్ చెక్కిన ఈ 26 అడుగుల మూర్తిని 1958లో ఆవిష్కరించారు. ఒక చేతిలో దైవానికి గుర్తుగా కిరణాలు చిమ్మే గోళం, మరో చేతిలో చిన్న కుటుంబం. శిల్పి పేరేమీ పెట్టలేదు, జనమే పెట్టుకున్నారు. స్థానిక టీములు ఫైనల్స్‌కు చేరినప్పుడు దీనికి జెర్సీ తొడగడం కూడా ఉంది!

ఓపిక ఉంటే తూర్పున హైడెల్‌బర్గ్ స్ట్రీట్‌కు వెళ్లండి. పాడుబడుతున్న తన వీధిలో 1986లో టైరీ గైటన్ పాత బొమ్మలతో, చుక్కల రంగులతో ఇళ్లనే కళగా మార్చాడు. 1991లోనూ 1999లోనూ నగరపాలక సంస్థ కొన్నిటిని కూల్చింది, 2013 నుంచి వరుసగా మంటలు మరికొన్నిటిని మింగాయి. అయినా పని ఆగలేదు. అక్కడ మనుషులు కాపురముంటున్నారు కాబట్టి పగటిపూటే, మర్యాదగా చూసి రావాలి.

టైరు ఈ ఊరి పరిశ్రమ. పిడికిలి, ఆ పరిశ్రమ పిలిస్తే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల బిడ్డది. హైడెల్‌బర్గ్, పని తగ్గి జనం వెళ్లిపోయాక మిగిలినవాళ్ల పట్టుదల. ఆటో కంపెనీలలోనో వాటి సప్లయర్ల దగ్గరో పనిచేస్తున్న మనం కూడా ఆ వరుసలో వచ్చినవాళ్లమే. ట్యాంక్ బండ్ మీద ఒక్కో విగ్రహం చూపించి 'ఈయనెవరో తెలుసా?' అని పెద్దలు మనల్ని అడిగేవారు. ఇక్కడ పుట్టిన మన పిల్లల్ని ఆ ప్రశ్న అడగాల్సింది ఈ బొమ్మల ముందే. జవాబు మనకు తెలిసి ఉంటే ఇది వాళ్ల ఊరే కాదు, మన ఊరు కూడా అవుతుంది.