వరి విత్తనాలకి బ్యాకప్

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ మర్నాడు ఆఫీసు నుండి వస్తూ ఇండియన్ స్టోర్ దగ్గర ఆగితే పార్కింగ్ దొరకలేదు. లోపల ఎటు చూసినా తెలుగువాళ్లే. మనిషికి ఒక్క సంచీయే అని గోడకి కాగితం అంటించారు. నేనూ లైన్లో నిలబడి 20 పౌన్ల సోనా మసూరి సంచీ ఒకటి సంపాదించి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను. "ఇంకో షాపు కూడా చూసి రాకపోయారా?" అంది మా ఆవిడ.

ఆ నిషేధాన్ని 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఆ సంచీ కూడా ఎప్పుడో ఖాళీ అయింది. కాని లైన్లో నిలబడ్డప్పుడు వచ్చిన ఆలోచన ఒకటి మాత్రం పోలేదు. ప్రపంచంలో వరి రకాలు లక్షకి పైనే ఉన్నాయి. మేమంతా ఒకే ఒక్క పేరు కోసం తోసుకుంటున్నాం. మన వృత్తిలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. షాపులో బియ్యం అయిపోతే ఇవాళ కాకపోతే రేపు మళ్లీ వస్తాయి. ఒక రకం విత్తనం భూమ్మీదే అయిపోతే ఎక్కడ నుండి తెచ్చుకుంటాం?

మసూరి తాతముత్తాతలు

సోనా మసూరి, సాంబ మసూరి రెండూ మన బాపట్లలో తయారైన రకాలే. వీటిలో బి.పి.టి. 5204 అని రైతులు పిలుచుకునే సాంబ మసూరి వంశవృక్షం చూద్దాం. ఒక పూర్వీకుడు కోయంబత్తూరులో 1921లో విడుదలైన జి.ఇ.బి. 24, సన్న గింజకి పేరుపడ్డ రకం. రెండోది తైవాన్ నుండి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1, పొట్టి రకం, ఎరువు వేసినా పడిపోదు. మూడోది మలేషియాలో పుట్టిన మసూరి. మన ఇంట్లో అన్నం అనుకునేది తీరా చూస్తే మూడు దేశాల కోడ్ కలిపి కంపైల్ చేసినది!

కొత్త వంగడం తయారుచేసేవాడు కొత్త జన్యువుని సృష్టించడు. ఎక్కడో ఉన్నదాన్ని వెతికి తెచ్చి కలుపుతాడు. కాబట్టి వెతకటానికి ఒక లైబ్రరీ ఉండాలి. ఆ లైబ్రరీ వేల ఏళ్లుగా రైతుల పొలాల్లోనే ఉండేది. మా తాతగారి రోజుల్లో గోదావరి జిల్లాల్లో అక్కుళ్లు, కృష్ణకాటుకలు వేసేవారు. నెల్లూరు వైపు మొలకొలుకులు ఉండేవి. విత్తనాల కోసం మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, గడ్డితో కట్టిన పురిలో దాచుకునేవారు. 1966లో ఐ.ఆర్. 8 వచ్చింది. దిగుబడి ఒక్కసారిగా పెరిగింది, కోట్ల మంది ఆకలి తీరింది. దాన్ని తప్పుపట్టే హక్కు అన్నం తిని పెరిగిన నాకు లేదు. కాని ఆ ఊపులో ఊరూరా ఉన్న పాత రకాలు పొలాల్లో నుండి పోయాయి. ఎవరూ కావాలని డిలీట్ చెయ్యలేదు. వాటిని ఆ ఏడు వెయ్యలేదు, అంతే. వరి విత్తనానికి మామూలు గదిలో ఆయుష్షు కొద్ది సంవత్సరాలే. రెండు మూడు పంటలు వరసగా మానేస్తే చాలు, ఆ రకం కథ ముగిసినట్టే.

పనికిరాని మొక్కలు చేసిన పని

"పోతే పోనీండి, అంతకంటె మంచివి వచ్చాయి కదా?" అని మీరు అడగవచ్చు. మూడు ఉదాహరణలు చెపుతాను.

1970లలో ఆసియాలో గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వరి మీద పడింది. సుడిదోమ ద్వారా వ్యాపించే ఈ తెగులు సోకితే మొక్క గిడసబారి గడ్డిదుబ్బులా మిగిలిపోతుంది. ఫిలిప్పీన్స్ లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అంటే ఇర్రి, తన దగ్గరున్న నమూనాలు 6,000కి పైగా పరీక్షించింది. తట్టుకున్నది ఒక్కటే. అది ఉత్తర ప్రదేశ్ నుండి సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరి. గింజ పండీ పండకుండానే రాలిపోతుంది, తినటానికి ఎందుకూ కొరగాదు. గుర్‌దేవ్ ఖుష్ బృందం ఆ ఒక్క జన్యువుని సాగు రకాల్లోకి ఎక్కించింది. అలా తయారై 1976లో విడుదలైన ఐ.ఆర్. 36 ని 1980లలో సుమారు 1 కోటి 10 లక్షల హెక్టార్లలో పండించారు. ఆ గడ్డి నమూనా దాచి ఉండకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

రెండోది వరద కథ. మామూలు పొట్టి వరి నీట మునిగితే ఊపిరి కోసం గబగబా ఎదగబోతుంది. ఒంట్లో ఉన్న పిండిపదార్థం అంతా ఖర్చుపెట్టేసి, నీరు తీసేసరికి చచ్చిపోతుంది. ఒరిస్సా రైతుల నాటు రకం నుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ మాత్రం మునిగిన వెంటనే ఎదుగుదల ఆపి, మన లాప్‌టాప్ హైబర్నేట్ లోకి వెళ్లినట్టు నిద్రపోతుంది. రెండు వారాల తర్వాత నీరు తీస్తే లేచి కూర్చుంటుంది. దిగుబడి తక్కువ కాబట్టి మామూలుగా అయితే దాన్ని ఎవరూ వెయ్యరు. ఈ గుణానికి కారణమైన సబ్1ఎ అనే జన్యువుని శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు. దాన్ని మన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో తయారైన స్వర్ణ లోకి ఎక్కించారు. అలా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

మూడోది మన సాంబ మసూరిదే. దానికి ఎండాకు తెగులు పెద్ద శత్రువు. ఈ తెగులుని తట్టుకునే ఎక్స్.ఎ. 21 జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దొరికింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఆ జన్యువుతో పాటు మరో రెండింటిని సాంబ మసూరి లోకి తెచ్చాయి. మొక్కకి తెగులు వచ్చేదాకా ఆగకుండా, నారు దశలోనే డి.ఎన్.ఎ. పరీక్ష చేసి, కావలసిన జన్యువు ఉన్న మొక్కలనే ఏరి, మళ్లీ మళ్లీ సాంబ మసూరి తోనే సంకరం చేశారు. రుచీ, సన్నదనం చెడకుండా బగ్ ఫిక్స్ ఒక్కటే మన బ్రాంచి లోకి తెచ్చుకోవటం లాంటిదే ఇది. ఆ వంగడం 2008లో విడుదలైంది.

వీటిలో మొదటి, మూడో సందర్భాల్లో నమూనా సేకరించినప్పుడు దాని ఉపయోగం ఇదీ అని ఎవరూ చెప్పలేకపోయేవారు. జన్యు వైవిధ్యం అంటే ఇంకా ఎదురుకాని ప్రశ్నలకి ముందే రాసి ఉన్న జవాబులు. ఏ జవాబు ఏ ప్రశ్నకో తెలియదు కాబట్టి ఏదీ పారెయ్యకూడదు.

చల్లటి గదులు

ఇర్రి జన్యు నిధి మనీలాకి దక్షిణాన లాస్ బాన్యోస్ అనే ఊళ్లో ఉంది. అక్కడ 1,32,000కి పైగా వరి నమూనాలున్నాయి. విత్తనాన్ని మెల్లగా ఆరబెట్టి తేమని 6 శాతం దగ్గరికి తెస్తారు. రోజూ అడిగేవాళ్లకి పంపటానికి ఒక భాగం 2 నుండి 4 డిగ్రీల చలిలో, దీర్ఘకాలానికి మరో భాగం సున్నాకి దిగువ 20 డిగ్రీల దగ్గర. ఇందులో కిటుకు చిన్నదే. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. మా తాతగారికి ఈ సూత్రం తెలియదు గాని, విత్తనాలు పంటికింద కటుక్కుమనేదాకా ఎండబెట్టటం తెలుసు.

ఒకే చోట ఉంటే ప్రమాదం కాబట్టి నకళ్లు అమెరికాలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ లోనూ, ఉత్తర ధ్రువానికి దగ్గరగా నార్వే దేశపు స్వాల్‌బార్డ్ లోనూ పెట్టారు. స్వాల్‌బార్డ్ లో మంచుకొండ లోపల 2008 ఫిబ్రవరిలో తెరిచిన ఖజానాలో అన్ని పంటలవీ కలిపి ఇప్పుడు 13 లక్షలకి పైగా నమూనాలున్నాయి. ఎవరు దాచిన పెట్టె వాళ్లదే, నార్వే కూడా తెరవకూడదు. మన భాషలో చెప్పాలంటే ఆఫ్‌సైట్ బ్యాకప్.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కంపెనీలో రాత్రిపూట టేపుల మీద బ్యాకప్ తీయటం నా పని. రోజూ "విజయవంతం" అని మెయిల్ వచ్చేది, నేను హాయిగా పడుకునేవాణ్ణి. ఒక రోజు డిస్కు పోయింది. నాలుగు టేపులు పెడితే మూడు చదవలేదు. తిరిగి తెచ్చుకుని చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు అని ఆ రాత్రి తెలిసింది.

విత్తనానికైతే ఇది మరీ నిజం. గడ్డకట్టించినా అది బతికున్న జీవి, మెల్లగా ముసలిదవుతూనే ఉంటుంది. అందుకే కొన్నేళ్లకొకసారి కొన్ని గింజలు మొలకెత్తించి చూస్తారు. మొలకశాతం 85 కంటె దిగజారితే మళ్లీ పొలంలో నాటి, ఒక రకం పుప్పొడి మరో రకంతో కలవకుండా పండించి, కొత్త విత్తనం దాచాలి. ఇలా లక్షకి పైగా నమూనాలకి, ఏటా, ఆగకుండా. ఒకసారి భవనం కట్టి రిబ్బను కత్తిరిస్తే తీరే పని కాదిది. 2018లో క్రాప్ ట్రస్ట్ అనే సంస్థ ఇర్రి నిధికి ఏటా 14 లక్షల డాలర్లు శాశ్వతంగా ఇవ్వటానికి ఒప్పుకుంది. అంటే గడువు లేని మెయింటెనెన్స్ కాంట్రాక్టు! ఎంత మంది మేనేజర్లు అలాంటి కాగితం మీద సంతకం పెడతారో మీకు తెలుసు.

తిరిగి తెచ్చుకోవటం కూడా జరిగింది. కంబోడియాలో 1970లలో యుద్ధం, ఖ్మేర్ రూజ్ పాలన వచ్చి రైతుల దగ్గర విత్తనాలు పోయాయి. అంతకుముందే ఇర్రి సేకరించి దాచిన కంబోడియా రకాలు కొన్ని వందలు 1980లలో మళ్లీ ఆ దేశానికి చేరాయి. సిరియా యుద్ధం వల్ల అలెప్పో దగ్గరి నిధి అందుబాటులో లేకుండా పోయినప్పుడు, గోధుమ, బార్లీ, పప్పుధాన్యాల నమూనాలు 38,000 దాకా 2015లో స్వాల్‌బార్డ్ నుండి వెనక్కి తెచ్చుకున్నారు. వాటిని లెబనాన్ లోనూ మొరాకోలోనూ పండించి, 2017 నుండి కొత్త విత్తనాన్ని మళ్లీ దాచారు.

డేటా ఉంటే చాలదా?

మనవాళ్లకి వెంటనే తోచే ప్రశ్న ఇది. వరి జన్యుపటం 2005లో పూర్తయింది. సుమారు 40 కోట్ల అక్షరాలు, పాతకాలపు సీడీ ఒక్కదానిలో పట్టేస్తుంది. 3,010 వరి రకాల జన్యుపటాలు 2018లో వెలువడ్డాయి, ఎవరైనా దింపుకోవచ్చు. వెతుకులాటకి ఇది గొప్ప సూచిక. కాని ఆ అక్షరాల నుండి మొక్కని బూట్ చేసే కంప్యూటరు ఇంకా ఎవరి దగ్గరా లేదు. ఆ పని చెయ్యగలిగినది గింజ ఒక్కటే.

అలాగని చల్లటి గదిలోని గింజతో అంతా అయిపోదు. అది దాచిన నాటి దగ్గరే ఆగిపోతుంది. బయట తెగుళ్లు, ఎండలు, వానలు మారిపోతూ ఉంటాయి. పొలంలో ఏటా వేసే రకమే వాటితో పాటు మారుతుంది. పార్వతీపురానికి ఆనుకుని ఉన్న ఒరిస్సాలోని రాయగడ జిల్లాలో దేబల్ దేబ్ అనే శాస్త్రవేత్త వెయ్యికి పైగా దేశవాళీ వరి రకాలని చిన్నచిన్న మడుల్లో ఏటా పండిస్తూ, రైతులకి ఉచితంగా పంచుతున్నారు. నిధి బ్యాకప్ అయితే, ఇది నడుస్తున్న సర్వరు. రెండూ కావాలి.

మొన్న ఇంటికి ఫోను చేసినప్పుడు అడిగాను. "నాన్నగారూ, మనూళ్లో కృష్ణకాటుకల విత్తనాలు ఎవరి దగ్గరన్నా ఉన్నాయా?"

"ఎక్కడివిరా! మీ తాతయ్య పోయిన ఏడు వేసిందే ఆఖరు. తర్వాత అందరం స్వర్ణే," అన్నారు. కాసేపాగి, "గంజి భలే ఉండేదిరా," అన్నారు.

మా ఇంట్లో పేరు మిగిలింది, విత్తనం లేదు. ఇండెక్స్ ఉంది, డేటా పోయింది. మా తాతగారు వేసినది వేరే చోట, వేరే పురిలో, ఏదో ఒక చల్లటి గదిలో ఉందేమో వెతుకుతున్నాను. ఈసారి మీరు ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్లని పాత వరి పేర్లు అడగండి. ఎవరి అటకమీదైనా విత్తనాలే కనిపిస్తే సూట్‌కేసులో పెట్టుకుని రాకండి, ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు. దగ్గరున్న వ్యవసాయ పరిశోధన కేంద్రానికో, హైదరాబాదు రాజేంద్రనగర్ లో ఉన్న జాతీయ జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికో కబురు చెయ్యండి. నాలుగు గింజలు మొలకెత్తినా చాలు, అదొక పూర్తి కాపీ.