చిన్న డ్రోనులలోని మోటారు దోషములు: నిదానక్రమము

వైద్యశాస్త్రమున చికిత్సకు ముందు నిదానము చెప్పబడినది. యంత్రములకును ఇదే క్రమము వర్తించును. అయినను బెంగుళూరులో వినోదార్థము డ్రోనుల నెగురవేయు మన యువకులు పెక్కురు ఈ క్రమమును తారుమారు చేయుచున్నారు. డ్రోను నేల విడుచుచుండగనే ఒక మూలకు ఒరిగి బోర్లపడినచో, ఆ మూలనున్న మోటారు చెడినదని తీర్మానించి, ఎస్.పి. రోడ్డుకు పోయి క్రొత్తది తెచ్చి బిగింతురు. మరల అదే మూలకు ఒరుగును. చెడినది మోటారు కాదేమో యను సందేహము రెండవ మోటారు కొన్న పిమ్మట గాని కలుగదు.

నాలుగు పంకాల డ్రోనులో రెండు పంకాలు ప్రదక్షిణముగను, రెండు అప్రదక్షిణముగను తిరుగును. రెక్కలు కూడ అందుకు తగినట్లు రెండు విధములుగా మలచబడి యుండును. ఒక రెక్కను మారుగా బిగించినచో మోటారు ఎంత వేగముగా తిరిగినను ఆ మూల పైకి లేవదు. కావున మొదట చూడవలసినది రెక్కలను. చూచిన వెంటనే వానిని ఊడదీయవలెను. బల్లపై పరీక్ష జరుగునపుడు రెక్కలుండరాదు. వ్రేళ్లు తెగుటకు ఒక్క క్షణము చాలును.

అరచేతిలో ఇముడు ఆటబొమ్మ డ్రోనులలో బ్రష్షుల మోటారులుండును. బ్రష్షు అరిగినచో మోటారును మార్చుటయే మార్గము. అంతకు పెద్దవానిలోని బ్రష్షులు లేని మోటారుల సంగతి వేరు. వీనిలో తీగచుట్టలు కదలక నిలిచియుండ, అయస్కాంతములు గల పైగిన్నె తిరుగును. మోటారునుండి మూడు తీగలు వెలువడును. ఇ.ఎస్.సి. అను వేగనియంత్రకము ఆరు ట్రాన్సిస్టరులతో ఆ మూడు తీగలకు వంతులవారీగా విద్యుత్తు నందించును. ఏ క్షణమున ఏ తీగ ఖాళీగా నుండునో, దానిలో అయస్కాంత భ్రమణముచే పుట్టు వోల్టేజిని గ్రహించి, గిన్నె ఎచట నున్నదో ఆ పరికరము ఎరుంగును. మూటిలో ఒక తీగ తెగినను మోటారు తిరుగక గిజగిజలాడును. ఒక ట్రాన్సిస్టరు కాలినను గిజగిజలాడును. లక్షణ మొకటి, వ్యాధులు రెండు. చిక్కంతయు ఇచటనే.

దీనిని విడదీయుటకు మన తార్కికుల అన్వయ వ్యతిరేక పద్ధతియే శరణ్యము. అనుమానింపబడిన మోటారును సరిగా పనిచేయు మూలకును, అచటి మోటారును ఇచటికిని మార్చవలెను. దోషము మోటారుతో కూడ తరలిపోయినచో మోటారుదే తప్పు. పాత మూలనే నిలిచినచో నియంత్రకమునో, అతుకునో శంకింపవలెను. తీగలు మారుటచే మోటారు ఎదురు దిశకు తిరిగినచో కలత వలదు. ఏ రెండు తీగలనైనను తారుమారు చేసిన దిశ మారును.

మోటారును వేరుచేసి చేతితోనే పరీక్షింపవచ్చును. తీగలు దేనికిని తగులకున్నపుడు గిన్నె తేలికగా తిరుగవలెను. రెండు తీగలను కలిపి త్రిప్పినచో అడ్డుకొన్నట్లుండవలెను. ఈ నిరోధము మూడు జతలకును సమముగా నుండిన తీగచుట్టలు క్షేమము. ఏ తీగయు కలుపకయే బరువుగా తిరిగినచో చుట్టలు లోపల కలిసిపోయినవో, బేరింగు చెడినదో అని తలపవలెను. సాధారణ మల్టీమీటరు ఇచట అంతగా తోడ్పడదు. ఈ చుట్టల నిరోధము ఓములో స్వల్పభాగము మాత్రమే. కాని చుట్టకును మోటారు దేహమునకును సంబంధ మేర్పడినదా యని తెలుపుటకు అది మిక్కిలి అక్కరకు వచ్చును. ఈ వ్యాసకర్త ఒక సాయంకాలమంతయు నియంత్రకమును నిందించి, తుదకు కనుగొన్న దేమనగా, మోటారును బిగించిన మర ఒకటి రెండు మిల్లీమీటరులు పొడవై చుట్టను గీరినది. మర పొడవును ఎవరును అనుమానింపరు.

నియంత్రకమును పరీక్షించునపుడు బ్యాటరీని, మోటారును తీసివేసి, మూడు మోటారు కొనలనుండి బ్యాటరీ ధన, ఋణ తీగలకు నిరోధమును కొలువవలెను. మూడును ఇంచుమించు సమముగా నుండవలెను. ఒకటి సున్నకు దిగినచో ఆ ట్రాన్సిస్టరు కాలినది. అట్టిదానికి బ్యాటరీ తగిలించినచో పొగయే ఫలము. అందుచే మరమ్మతు పిమ్మట మొదటిసారి బ్యాటరీని తిన్నగా కలుపక, నడుమ ఒక బల్బు నుంచవలెను. మూడు సెల్లుల బ్యాటరీకి 12 వోల్టుల కారు బల్బు చాలును. తళుక్కుమని ఆరినచో మేలు; వెలుగుచునే యుండినచో ఎచటనో తీగలు కలిసినవి. బల్బు నడుమ నుండగా మోటారులను నడుపరాదు.

నాలుగు మోటారులును ఒక్కసారి తడబడినచో మోటారులను తాకనే వలదు. అది తరచుగా బ్యాటరీ దోషము. నిండిన లిథియం పాలిమర్ సెల్లు 4.2 వోల్టులుండును. విశ్రాంతిలో చక్కగా కనబడు ముదుసలి బ్యాటరీ భారము పడగనే 3 వోల్టులకు కూలిపోవును. ఉబ్బిన బ్యాటరీని మరల ఛార్జి చేయుట ఇంటికి నిప్పు పెట్టుకొనుటతో సమానము.

దోషము కాని దోష మొకటి కలదు. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటరుల ఎత్తున నున్నది. అదే ఉష్ణోగ్రతలో ఇచటి గాలి సాంద్రత మచిలీపట్టణపు గాలికంటె ఇంచుమించు తొమ్మిదవ వంతునకు కొంచెము తక్కువగా తగ్గియుండును. అచట సరిగా ఎగిరిన డ్రోను ఇచట అదే బరువు మోయుటకు మోటారులను మరింత వేగముగా త్రిప్పవలసి వచ్చును. దీనిని మోటారు బలహీనతగా భ్రమింపరాదు.

పరీక్షకై ఎగురవేయుటకు ముందు ప్రభుత్వ గగనతల పటమును చూడవలెను. జక్కూరు, యలహంక, హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయములు నగరమును చుట్టుకొని యున్నవి; 2021 నాటి డ్రోను నియమములలో 250 గ్రాములకు మించని నానో తరగతికి కొన్ని సడలింపులున్నను, నిషిద్ధ గగనమున ఎగురుటకు కాదు. అనుమతి గల తావున, మనుష్యులకు దూరముగా, మోకాలెత్తున అర నిమిషము నిలిపి దింపి, బ్యాటరీని తీసి, నాలుగు మోటారులను వ్రేలితో తాకి చూడవలెను. మిగిలిన మూటికంటె వేడెక్కిన మోటారు ఏ మూలనున్నదో, అచటనుండి నిదానమును మరల ప్రారంభింపవలెను.